రెండో గడియారం: పిల్లలకు స్పెయిన్‌ను పరిచయం చేయడం ఎలా

మాది అనంతపురం జిల్లా. మా వైపు పల్లెల్లో స్పెయిన్ పేరు వినని ఇల్లు తక్కువ. బార్సిలోనాలో పుట్టిన విసెంతె ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, భార్య ఆన్‌తో కలిసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నిలబెట్టారు. 2009లో ఇక్కడే కన్నుమూశారు. ఆ ట్రస్టు ద్వారా స్పెయిన్ కుటుంబాలు ఇక్కడి పిల్లలకు స్పాన్సర్లుగా ఉండేవి. మా పక్కింటి అమ్మాయికి అలా ఒకసారి ఉత్తరం, దాంతో పాటు ఒక ఫొటో వచ్చాయి. ఫొటోలో మా ఈడు పిల్లలిద్దరు మెట్ల మీద కూర్చుని ఏదో తింటున్నారు. ఆ ఫొటో చుట్టూ చేరి మేం అడిగిన ప్రశ్నలు నాకిప్పటికీ గుర్తున్నాయి. వాళ్ళు తినేదేంటి? మధ్యాహ్నం అన్నం తింటారా? అక్కడ ఇప్పుడు పగలా, రాత్రా? పన్ను ఊడితే ఏం చేస్తారు? జవాబు చెప్పేవాళ్ళు మాకెవరూ లేరు.

పెద్దయ్యాక నా పిల్లలకీ, వాళ్ళ స్నేహితులకీ స్పెయిన్ గురించి చెప్పాలనుకున్నప్పుడు ఆ ప్రశ్నలు నాకు గుర్తు రాలేదు. ఒక ఆదివారం జెండా, మ్యాపు, ఎర్ర విసనకర్రలు, ఎద్దు బొమ్మ పెట్టి స్పెయిన్ డే చేశాను. వారం తర్వాత అడిగితే పిల్లలు "ఎద్దుల దేశం" అన్నారు. నాకు బాధేసింది. అప్పుడు ఆ ఫొటో దగ్గర మేం అడిగిన ప్రశ్నలనే పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాను. అక్కడి పిల్లల రోజు ఎలా గడుస్తుందో ముందు తెలిస్తే మిగతావన్నీ దాని మీద నిలబడతాయి. కింద చెప్పేవన్నీ అలా చేసి చూసినవే. అయిదు నుంచి పదకొండేళ్ళ పిల్లలకు బాగుంటాయి. వారానికి ఒక పని చొప్పున చేయండి.

మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త. ఇంటర్నెట్‌లో స్పానిష్ అని వెతికితే సగం మెక్సికో సంగతులే వస్తాయి. పెద్ద అంచుల టోపీ, టాకోలు, పుర్రె బొమ్మలతో చేసే చనిపోయినవారి పండుగ, ఇవన్నీ మెక్సికోవి. భాష ఒకటే, దేశాలు వేరు. పిల్లలకు మొదటి రోజే ఈ మాట చెప్పేయండి. దేశం ఎంత పెద్దదో అడిగితే, మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపిన దానికి రెండింతల కంటే కాస్త తక్కువ అని చెప్పండి. జనం మాత్రం 5 కోట్లలోపే.

గోడకు రెండో గడియారం

ఇంట్లో పాత గడియారం ఉంటే దానికి మాడ్రిడ్ సమయం పెట్టి, మామూలు గడియారం పక్కనే తగిలించండి. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం దాకా స్పెయిన్ మనకంటే మూడున్నర గంటలు వెనక ఉంటుంది. మిగతా నెలల్లో నాలుగున్నర గంటలు. ఆ రెండు ఆదివారాల్లోనూ ముల్లు తిప్పే పని పిల్లలకే అప్పగించండి.

గడియారం కింద ఒక కాగితం మీద అక్కడి పిల్లల రోజు రాసి అంటించండి. పొద్దున పాలు, బిస్కట్లు లేదా కాల్చిన బ్రెడ్డు. తొమ్మిది ప్రాంతంలో బడి. మధ్యాహ్నం రెండు, రెండున్నరకు అసలైన భోజనం. దాని పేరు కొమీదా. ముందు పప్పో సూపో అన్నమో ఒక వంటకం, తర్వాత మాంసమో చేపో ఇంకొకటి, చివర పండు. సాయంత్రం అయిదు దాటాక మెరియెందా అనే చిరుతిండి. ఎక్కువగా బ్రెడ్డు మధ్యలో ఏదో ఒకటి పెట్టిస్తారు. పాతకాలపు అలవాటైతే బ్రెడ్డు ముక్క, చాక్లెట్ ముక్క. మా ఫొటోలో పిల్లలు తింటున్నది అదేనని నాకు పాతికేళ్ళ తర్వాత తెలిసింది. ఆ తర్వాత ఊరి మధ్య ఉండే ప్లాథా అనే ఖాళీ స్థలంలో ఆటలు. పెద్దవాళ్ళు పక్కన బెంచీల మీద కూర్చుని మాట్లాడుకుంటుంటారు. రాత్రి తొమ్మిదికి తేలికపాటి భోజనం.

ఇంత ఆలస్యంగా ఎందుకు తింటారని పిల్లలు తప్పక అడుగుతారు. దానికి సగం జవాబు గడియారంలోనే ఉంది. సూర్యుడి లెక్క ప్రకారం స్పెయిన్ లండన్ సమయంలో ఉండాలి. 1940లో అప్పటి ప్రభుత్వం గడియారాలను ఒక గంట ముందుకు జరిపింది, మళ్ళీ వెనక్కి మార్చలేదు. అందుకే జూన్ నెలలో మాడ్రిడ్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు కూడా ఇంకా పొద్దు కనిపిస్తుంది. టార్చిలైటు, బంతి తీసుకుని ఇది చేసి చూపించండి, ఇట్టే అర్థమవుతుంది.

ఆ తర్వాత ఒక శనివారం ఇంటిల్లిపాదీ స్పెయిన్ వేళల్లో గడపండి. రెండున్నరకు భోజనం. తిన్నాక వెంటనే లేవకండి. కంచాలు తీశాక కూడా కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి వాళ్ళు పెట్టుకున్న పేరు సోబ్రెమేసా. ఫోన్లు పక్కన పెట్టి అరగంట కూర్చోండి. ఈ గైడ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. మధ్యాహ్నం కునుకు, అంటే సియెస్తా, అందరూ తీస్తారనుకోకండి. బడి, ఆఫీసు ఉన్నవాళ్ళకు అది కుదరదు.

పేరు, పలకరింపు, నాలుక తిరగడం

రెండో వారం పిల్లల పేర్లను స్పెయిన్ పద్ధతిలో రాయించండి. అక్కడ ప్రతి ఒక్కరికీ రెండు ఇంటిపేర్లు ఉంటాయి. నాన్నది ఒకటి, అమ్మ పుట్టింటిది ఒకటి. మన ఇంటిపేరు ముందు వస్తుంది, వాళ్ళది చివర వస్తుంది. నాన్న ఇంటిపేరు కొండపల్లి, అమ్మ పుట్టింటి పేరు యలమంచిలి అనుకుందాం. లక్ష్మి అనే అమ్మాయి అక్కడ లక్ష్మి కొండపల్లి యలమంచిలి అవుతుంది. పెళ్ళయ్యాక కూడా ఆమె పేరు మారదు. నాన్న పేరే ముందుండాలన్న నియమం కూడా ఇప్పుడు లేదు. 1999 నుంచి ఏది ముందుండాలో తల్లిదండ్రులే నిర్ణయించుకోవచ్చు. మా అమ్మాయి తన పేరు అలా రాసుకుని, "అమ్మా, నీ పేరు కూడా నా పేరులో ఉంది" అని పుస్తకాలన్నిటి మీదా రాసుకుంది.

మాటల విషయంలో తెలుగు పిల్లలకు ఒక మేలు ఉంది, దాన్ని వాడుకోండి. స్పానిష్‌లో త, ద, ప, క మన అక్షరాల్లాగే పలుకుతాయి. టొమాటో అక్కడ తొమాతే, ట కాదు. ఇంగ్లీష్ మీడియం పిల్లలు ట అనబోతే మన త గుర్తు చేయండి. అచ్చులు అయిదే, ఆ, ఎ, ఇ, ఒ, ఉ. ఎక్కడ రాసినా ఒకేలా పలుకుతాయి. వర్ణమాలలో మనం దాదాపు వాడకుండా వదిలేసిన ఞ వాళ్ళకు రోజూ కావాలి. అబ్బాయి అన్న మాట నీన్యోలో ఉన్నది ఆ శబ్దమే. మన పాత పుస్తకాల్లో గుఱ్ఱం, కఱ్ఱ అని బండి ఱతో రాసేవాళ్ళు కదా, వాళ్ళ భాషలోనూ రెండు ర-లు ఉన్నాయి. పేరో అని తేలికగా అంటే 'కానీ'. నాలుక అదిరేలా పేఱ్ఱో అంటే 'కుక్క'. పిల్లలు ఈ రెండు మాటలతో ఒక సాయంత్రమంతా ఆడుకుంటారు.

మొదట్లో నాలుగైదు మాటలు చాలు. పలకరింపుకు ఓలా. థాంక్స్‌కు గ్రాథియాస్. ఎవరైనా భోజనం చేస్తూ కనిపిస్తే కే అప్రొవేచే, అంటే హాయిగా తినండి అని. ఎవరైనా తుమ్మితే సలూద్ లేదా హెసూస్. మన పెద్దవాళ్ళు పిల్లలు తుమ్మితే చిరంజీవ అంటారు కదా, అలాంటిదే. కోడి మాత్రం అక్కడ కొక్కొరొకో అనదు, కికిరికీ అంటుంది. ప్రశ్న గుర్తు వాక్యం చివర ఒకటి, మొదట్లో తలకిందులుగా ఇంకొకటి పెడతారు. చదివేవాళ్ళకు మొదటి మాట నుంచే గొంతు ఎలా తిప్పాలో తెలుస్తుంది.

నువ్వు, మీరు అన్న తేడా వాళ్ళకూ ఉంది. తూ అంటే నువ్వు, ఉస్తేద్ అంటే మీరు. కానీ ఇప్పటి స్పెయిన్‌లో పిల్లలు చాలా బడుల్లో టీచర్లను కూడా పేరుతో, తూ అనే పిలుస్తారు. అది అమర్యాద కాదని, అక్కడి మర్యాద వేరే చోట ఉందని ముందే చెప్పండి. బేకరీలో అడుగు పెట్టగానే అక్కడున్నవాళ్ళందరికీ కలిపి బుయెనోస్ దియాస్ అనడం, తినేవాళ్ళను చూసి పలకరించకుండా వెళ్ళకపోవడం, ఇలాంటివి.

లూడో బోర్డు తీయండి

స్పెయిన్‌లో దాదాపు ప్రతి ఇంట్లో ఉండే ఆట పర్చీస్. పేరు వింటేనే తెలుస్తుంది కదా, మన పచ్చీసే. గవ్వలతో ఆడిన మన ఆట సముద్రాలు దాటి వెళ్ళి వాళ్ళ ఇంటి ఆట అయింది. వాళ్ళ బోర్డులో బయటి దారికి 68 గడులు ఉంటాయి, మన లూడోకు 52. మీ దగ్గరున్న లూడో బోర్డు మీదే వాళ్ళ నియమాలతో ఆడించండి:

- కాయ బయటికి రావాలంటే 5 పడాలి, 6 కాదు.
- 6 పడితే మళ్ళీ వేయాలి. వరసగా మూడుసార్లు 6 పడితే చివర జరిపిన కాయ ఇంటికి వెళ్ళిపోతుంది.
- ఒకే రంగు కాయలు రెండు ఒకే గడిలో ఉంటే అది అడ్డుగోడ. దాన్ని ఎవరూ దాటలేరు.
- ఎదుటివాళ్ళ కాయను కొడితే మీకు 20 గడులు బహుమతి. కాయ చివరి ఇంటికి చేరితే 10.

ఆ 20 వల్ల ఆట ఒక్క క్షణంలో తారుమారవుతుంది. లూడో అంటే విసుగొచ్చిన పిల్లలు కూడా లేవరు. మాటలు కూడా గమనించమనండి. మనం కాయను చంపాం అంటాం, వాళ్ళు తిన్నాం అంటారు. "ఒకటి తిన్నా, ఇరవై లెక్కపెడతా" అన్నది ఆడేటప్పుడు అందరూ అనే మాట. చివరి ఇంటికి చేరితే మన పచ్చీసులో కాయ పండింది అంటాం. ఇంత అందమైన మాట వాళ్ళ ఆటలో లేదు. ఇది కూడా పిల్లలకు చెప్పండి. వేరే దేశం గురించి నేర్చుకునేటప్పుడు మనది ఎక్కడ బాగుందో కూడా కనబడాలి.

బయట ఆడుకోవడానికి వేరే ఏర్పాట్లు అక్కర్లేదు. తొక్కుడుబిళ్ళ అక్కడ రయూయెలా. దాగుడుమూతలు ఎస్కొందీతే. కళ్ళగంతలు అక్కడ గయినీతా థియేగా, అంటే గుడ్డి కోడిపెట్ట. కళ్ళకు గంతలు కట్టుకున్నవాళ్ళను "నీదేం పోయింది?" అని చుట్టూ ఉన్నవాళ్ళు అడుగుతారు. సూది పోయిందని చెప్పాలి. మూడుసార్లు తిరిగితే దొరుకుతుందని వాళ్ళను తిప్పి వదులుతారు. గోయా అనే చిత్రకారుడు 1788లో ఈ ఆట బొమ్మ వేశాడు. అది మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉంది. ఆట అయ్యాక ఫోన్‌లో ఆ బొమ్మ చూపించండి. ముందు చూపిస్తే పట్టించుకోరు.

ఫుట్‌బాల్ గురించి పిల్లలకు మనకంటే ఎక్కువ తెలుసు కాబట్టి నేను ఒక్క సంగతే చెబుతాను. స్పెయిన్ తరఫున 2024 యూరో ఫైనల్ ఆడిన లమీన్ యమాల్‌కు ఆ ముందు రోజే 17 ఏళ్ళు నిండాయి. టోర్నమెంటుకు స్కూల్ హోంవర్క్ కూడా వెంట తెచ్చుకున్నాడు. తండ్రి మొరాకో నుంచి, తల్లి ఈక్వటోరియల్ గినీ నుంచి వచ్చినవాళ్ళు. ఇప్పటి స్పెయిన్ ఎలా ఉంటుందో చెప్పడానికి అతని కథ బాగా పనికొస్తుంది. టెన్నిస్ ఇష్టమున్న పిల్లలకైతే రఫా నడాల్ ఫౌండేషన్ 2010లో మన అనంతపురంలో మొదలుపెట్టిన టెన్నిస్ స్కూల్ గురించి చెప్పండి.

వంటింట్లో

తేలికైనదానితో మొదలుపెట్టండి. పాన్ కొన్ తొమాతే అంటే బ్రెడ్డు, టమాటా. గట్టి బ్రెడ్డును కాల్చి, వెల్లుల్లి రెబ్బ ఒకసారి రుద్ది, సగానికి కోసిన పండు టమాటాను దాని మీద గట్టిగా రుద్దాలి. గుజ్జంతా బ్రెడ్డుకు పట్టి తొక్క చేతిలో మిగులుతుంది. పైన ఆలివ్ నూనె, ఉప్పు. నాలుగేళ్ళ పిల్లలు కూడా చేయగలరు. ప్రపంచంలో ఆలివ్ నూనె అన్నిటికంటే ఎక్కువ తీసే దేశం స్పెయిన్. దీనికి మాత్రం చిన్న సీసా అయినా మంచిది కొనండి, వేడి చేయని నూనె కాబట్టి రుచంతా దానిదే.

రెండోది తోర్తియా. మెక్సికోలో తోర్తియా అంటే రొట్టె, స్పెయిన్‌లో బంగాళాదుంప అట్టు. అరకిలో దుంపలు పల్చగా తరిగి, ఒక ఉల్లిపాయతో కలిపి, ముప్పావు వంతు మునిగేంత నూనెలో సన్న సెగ మీద ఇరవై నిమిషాలు మగ్గనివ్వాలి. వేగకూడదు, మెత్తబడాలి. మేం వేరుశెనగ నూనెతోనే చేస్తాం, బాగానే వస్తుంది. నూనె వంచేసి, అయిదు గిలక్కొట్టిన గుడ్లలో దుంపల్ని కలిపి పది నిమిషాలు వదిలేయండి. ఈ పది నిమిషాలు మానేస్తే గుడ్డు, దుంప దేనికదే విడిపోతాయి. తర్వాత పెనం మీద పోసి, అడుగు గట్టిపడ్డాక ప్లేటు బోర్లించి ఒక్కసారిగా తిప్పి, మళ్ళీ పెనంలోకి జార్చాలి. తిప్పడం పెద్దవాళ్ళ పని. పచ్చిమిర్చి, పసుపు వేయాలని చేయి వెళుతుంది, ఈ ఒక్కసారికి ఆపుకోండి. ఉల్లిపాయ వేయాలా వద్దా అన్న దాని మీద స్పెయిన్ ఇళ్ళల్లో నిజంగానే వాదనలు జరుగుతాయి. రెండు రకాలూ చేసి పిల్లల చేత ఓటు వేయించండి.

మూడోది చూర్రోస్. దీనికి కావలసిన పనిముట్టు మీ ఇంట్లో ఇప్పటికే ఉంది, జంతికల గొట్టం. ఒక కప్పు మైదాలో అర చెంచా ఉప్పు వేసి, ఒక కప్పు మరుగుతున్న నీళ్ళు పోసి, గరిటెతో ఉండలు లేకుండా కలిపి చల్లారనివ్వండి. గొట్టంలో నక్షత్రం కంత ఉన్న బిళ్ళ వేసి, జానెడు పొడవున నూనెలోకి ఒత్తండి. బిళ్ళ విషయంలో మాత్రం ఖచ్చితంగా ఉండండి. గుండ్రని నున్నటి కంతతో ఒత్తితే లోపల ఆవిరి చిక్కుకుని నూనెలో పేలే ప్రమాదం ఉంది. నక్షత్రం గాడులుంటే పిండి సమానంగా ఉడికి ఆవిరి బయటికి పోతుంది. పిండిలో గాలి ఉండకుండా గొట్టంలో బాగా అదమండి, పిల్లల్ని పొయ్యికి దూరంగా ఉంచండి. పైన చక్కెర చల్లడం, ముంచుకునే చాక్లెట్ కలపడం వాళ్ళ పని. పాలల్లో డార్క్ చాక్లెట్, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ వేసి, చెంచా నిలబడేంత చిక్కగా కాయండి. గుడ్డు తినని ఇళ్ళకు ఇదీ, మొదటిదీ చాలు.

బల్ల కింద గుహ

1879లో ఉత్తర స్పెయిన్‌లోని అల్తమీరా గుహలోకి ఒక పెద్దాయన తన ఎనిమిదేళ్ళ కూతురు మరియాను వెంట తీసుకెళ్ళాడు. ఆయన పాత రాతి పనిముట్ల కోసం నేల తవ్వుతున్నాడు. పాప తల పైకెత్తి చూసింది. కప్పు నిండా ఎర్రటి అడవిదున్నలు. వేల ఏళ్ళ నాటి మనుషులు అంత బాగా గీశారంటే పండితులు నమ్మలేదు, ఆయనే దొంగబొమ్మలు వేయించాడన్నారు. ఆ నింద మోస్తూనే ఆయన 1888లో చనిపోయాడు. 1902లో, ఆయన్ని కాదన్నవాళ్ళలో ముఖ్యుడైన ఫ్రెంచి పండితుడు తన పొరపాటును అచ్చులో ఒప్పుకున్నాడు. ఈ కథ చెప్పేటప్పుడు పిల్లలు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోతారు. కనిపెట్టింది పిల్ల కదా.

చెప్పాక పని మొదలుపెట్టండి. గోధుమరంగు పాకింగ్ కాగితాన్ని నలిపి, భోజనాల బల్ల కిందివైపు టేపుతో అంటించండి. కాగితం వెనక అక్కడక్కడా పాత గుడ్డ ఉండలు పెడితే ఉబ్బెత్తుగా ఉంటుంది. అల్తమీరాలో కూడా రాయి ఉబ్బిన చోట దున్న పొట్ట వచ్చేలా గీశారు. బొగ్గు, నీళ్ళలో కలిపిన జాజు ఇవ్వండి. ఆ గుహలో వాడినవి కూడా బొగ్గు, ఎర్రమట్టి రంగులే. బల్ల చుట్టూ దుప్పట్లు కప్పి, చిన్న టార్చి ఇచ్చి, వెల్లకిలా పడుకుని గీయమనండి. కళ్ళలో పడకుండా పాత కళ్ళజోడు పెట్టడం మంచిది. తెలంగాణలో ఉన్నవాళ్ళు ఆ తర్వాత ఒక సెలవు రోజున భూపాలపల్లి వైపు పాండవుల గుట్టకు వెళ్ళండి, మన పాత మనుషులు గీసిన బొమ్మలు అక్కడున్నాయి.

కొంచెం పెద్ద పిల్లలకు వెలాస్కెథ్ 1656లో వేసిన రాజకుమారి బొమ్మ, లాస్ మెనీనాస్, తెరపై పెద్దది చేసి చూపించండి. వివరించకండి. ఎవరు ఎవర్ని చూస్తున్నారో వేలితో చూపించమనండి. వెనక గోడ మీదున్న అద్దం కనబడేదాకా ఆగండి.

తకిట తకిట తక తక తక

ఫ్లామెంకో అనగానే గౌను కుట్టించాలని చూడకండి. చప్పట్లతో మొదలుపెట్టండి. ఫ్లామెంకోలో చాలా పాటలు 12 దెబ్బల చక్రం మీద నడుస్తాయి. దాన్ని మన జతుల్లో చెప్పుకోవచ్చు: తకిట తకిట తక తక తక. మూడు, మూడు, రెండు, రెండు, రెండు, మొత్తం పన్నెండు. ప్రతి ముక్క మొదటి అక్షరం మీద చప్పట్లు కొట్టించండి. నోరు ఆపకుండా మళ్ళీ మళ్ళీ అంటూ నెమ్మదిగా వేగం పెంచండి. చప్పట్లలోనూ రెండు రకాలు. అరచేతులు దోసిలిలా పెట్టి కొడితే మందమైన శబ్దం, వేళ్ళతో అరచేతి మీద కొడితే గట్టి శబ్దం. పాట మెల్లగా ఉన్నప్పుడు మొదటిది కొడతారు.

సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు ఇది వెంటనే అందుకుంటారు. అప్పుడు ఈ సంగతి చెప్పండి. ఫ్లామెంకోను పెంచి పోషించినవాళ్ళలో ముఖ్యులు హితానోలు, అంటే స్పెయిన్‌లోని రోమా ప్రజలు. వాళ్ళ పూర్వీకులు వాయవ్య భారతం నుంచి బయల్దేరినవాళ్ళు. స్పెయిన్‌లో వాళ్ళ గురించి మొదటి ఆధారం 1425లోది. వాళ్ళ మాటల్లో నీళ్ళకు పఞీ అన్న మాట ఉంది. మన పానీయం పక్కన పెట్టి చదివి చూడమనండి. వాళ్ళను అక్కడ బాగా చూసుకోలేదన్నది కూడా దాచకండి. 1749లో ప్రభుత్వం హితానోలను కుటుంబాలకు కుటుంబాలే పట్టి నిర్బంధించింది. పదేళ్ళు దాటిన పిల్లలకు ఈ నిజం చెప్పవచ్చు. చెప్పకపోతే ఆ పాటలో అంత బాధ ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్ళకు తెలియదు.

ఒకే స్పెయిన్ కాదు

మనకు ఇన్ని భాషలున్నట్టే అక్కడా ఉన్నాయి. బార్సిలోనా వైపు కాటలాన్‌లో బోన్ దియా అంటారు. వాయవ్య మూలన గలీసియాలో బోస్ దియాస్. ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో కైషో. ఆ బాస్క్ భాషకు ప్రపంచంలో తెలిసిన చుట్టం ఏ భాషా లేదు. కనారీ దీవుల్లోని లా గొమేరాలో లోయకు అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఈలలతోనే మాట్లాడుకునేవాళ్ళు. 1999 నుంచి ఆ ఈల భాష అక్కడి బడుల్లో పాఠం. మేడ మీద ఒకరిని, కింద ఒకరిని నిలబెట్టి, "రా", "ఆగు", "అన్నం" అన్న మూడు మాటలకు మూడు ఈలలు కనిపెట్టమనండి.

మనిషి ఎద్దుతో తలపడే ఎద్దుల పోట్ల గురించి పిల్లలు అడుగుతారు, తప్పించుకోకండి. ఎద్దు చనిపోతుందని చెప్పండి. అది సంప్రదాయమని అభిమానించేవాళ్ళూ, క్రూరమని ఎదిరించేవాళ్ళూ స్పెయిన్‌లోనే ఉన్నారని చెప్పండి. కనారీ దీవులు 1991లోనే ఆపేశాయి. కాటలోనియా శాసనసభ 2010లో నిషేధించింది, 2016లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టేసింది. సంక్రాంతి కోడిపందేల గురించి మన ఇళ్ళల్లో కూడా ఇలాంటి వాదనే జరుగుతుంది కదా. పిల్లలు ఆ పోలిక వాళ్ళంతట వాళ్ళే తెస్తారు. వాళ్ళ అభిప్రాయం వాళ్ళను చెప్పనివ్వండి.

పన్ను, ద్రాక్షపళ్ళు, బూట్లు

మా చిన్నప్పటి చివరి ప్రశ్నకు జవాబు ఇది. మనం పాలపన్ను ఊడితే పేడలో చుట్టి ఇంటి కప్పు మీదకు విసిరేవాళ్ళం. అక్కడ పిల్లలు దాన్ని దిండు కింద పెడతారు. రాత్రి రతోన్థీతో పేరెథ్ అనే ఎలుక వచ్చి పన్ను తీసుకుని ఒక నాణెమో చిన్న బహుమతో పెట్టి వెళుతుంది. మాడ్రిడ్‌లో అరెనాల్ వీధి 8వ నంబరు దగ్గర ఆ ఎలుక ఇల్లు ఇదేనని ఒక ఫలకం కూడా ఉంది. ఇంట్లో పన్ను కదులుతున్న పిల్ల ఉంటే ఈ పనిని ముందుకు జరపండి.

ఏడాది చివరికి వచ్చేసరికి మిగతావన్నీ అయిపోయేలా చూసుకోండి. డిసెంబర్ 31 అర్ధరాత్రి స్పెయిన్ అంతా మాడ్రిడ్‌లోని ప్యుయెర్తా దెల్ సోల్ గడియారం వైపు చూస్తుంది. గంట కొట్టినప్పుడల్లా ఒక ద్రాక్షపండు, పన్నెండు గంటలకు పన్నెండు. మధ్యలో మూడేసి సెకన్లే. పన్నెండు కొట్టే ముందు నాలుగు జంట గంటలు వస్తాయి, అవి లెక్కలోకి రావు, తొందరపడి తినకూడదు. ఆ అర్ధరాత్రి మనకు జనవరి 1 తెల్లవారుజామున 4:30. పిల్లలు లేవలేకపోతే మన పన్నెండుకే స్టీలు గ్లాసు మీద చెంచాతో గంట కొట్టండి. అయిదేళ్ళలోపు పిల్లలకు గుండ్రని ద్రాక్ష గొంతులో అడ్డం పడుతుంది. గింజ తీసి, నిలువుగా నాలుగు ముక్కలు చేసి, ఒక్కో గంటకు ఒక్క ముక్క నెమ్మదిగా ఇవ్వండి.

అక్కడ చాలామంది పిల్లలు అసలు ఎదురుచూసేది జనవరి 5 రాత్రి కోసం. బాల యేసుకు కానుకలు తెచ్చిన మెల్చోర్, గస్పార్, బల్తసార్ అనే ముగ్గురు రాజులు ఆ రాత్రి బహుమతులు తెస్తారని వాళ్ళకు ముందే ఉత్తరాలు రాస్తారు. ఆ సాయంత్రం ఊళ్ళల్లో ఊరేగింపు, రాజులు మిఠాయిలు విసురుతారు. అల్కోయ్ అనే ఊళ్ళో ఈ ఊరేగింపు 19వ శతాబ్దం నుంచి జరుగుతోంది. పిల్లలు బూట్లు తుడిచి పెట్టి, ఒంటెల కోసం నీళ్ళు పెట్టి పడుకుంటారు. అల్లరి చేసినవాళ్ళకు బొగ్గు వస్తుందని బెదిరిస్తారు, అది చక్కెరతో చేసిన బొగ్గు. మీరు చెప్పులు పెట్టించినా సరే, నీళ్ళ గిన్నె మాత్రం మర్చిపోకండి. పొద్దున లేచేసరికి అందులో సగం తగ్గి ఉండాలి.

జనవరి 6న రొస్కోన్ అనే గుండ్రటి తీపి బ్రెడ్డు కోస్తారు. తెలిసిన బేకరీలో చెప్పి, మధ్యలో కంత ఉన్న తీపి బన్ను చేయించుకోండి, పైన మన ట్యూటీ ఫ్రూటీ చల్లితే అచ్చం అలాగే ఉంటుంది. అడుగున రెండు చోట్ల గంటు పెట్టి, ఒక దాంట్లో చిన్న బొమ్మ, ఇంకో దాంట్లో ఎండు చిక్కుడు గింజ దూర్చండి. తినే ముందు పిల్లలకు ఆ మాట చెప్పి, చిన్నవాళ్ళ ముక్కలు మీరే చూసి ఇవ్వండి. బొమ్మ దొరికినవాళ్ళకు కాగితం కిరీటం. గింజ దొరికినవాళ్ళు రొస్కోన్ డబ్బులివ్వాలి. మా ఇంట్లో ఆ డబ్బులు వచ్చే ఏడాది దానికి. గింజ ఎవరికి వచ్చిందో రెండో గడియారం వెనక పెన్సిల్‌తో రాసి పెట్టండి, పన్నెండు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు.